చూపు మసకబారిందని అప్పుడే అద్దాలు మార్చకు

ఒరేయ్ మధూ,

నీ ఉత్తరం చదివాను. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 10 దాటిందని, మందులు మొదలుపెట్టిన రెండో వారానికే పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోతున్నాయని, రేపో మాపో కళ్లజోడు మార్చేస్తానని రాశావు. ఆ పని ఇప్పుడే చెయ్యకురా. షుగర్ ఒక దారికి వచ్చాక ఇంకో నెల, నెలన్నర ఆగు. ఇప్పుడు చేయించుకున్న అద్దాలు అప్పటికి పనికిరాకుండా పోతాయి.

కంటి డాక్టరు దగ్గరికి మాత్రం ఆగకుండా వెళ్లు. అద్దాల పవర్ చూపించుకోవడానికి కాదు, చుక్కల మందు వేసి రెటీనా (కంటి లోపల వెనకవైపు, వెలుతురును పట్టుకునే పొర) పరీక్ష చేయించుకోవడానికి. అద్దాలకు ఆగమంటూనే డాక్టరు దగ్గరికి పరుగెత్తమంటున్నానేమిటా అనుకుంటావు. అందుకే వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు ఈ మసక సంగతి. కనుపాప వెనక ఉండే లెన్స్‌కు రక్తనాళాలు లేవు. చుట్టూ ఉన్న ద్రవంలోంచే గ్లూకోజు తీసుకుంటుంది, అందుకు ఇన్సులిన్ కూడా అక్కర్లేదు. కాబట్టి రక్తంలో షుగర్ పెరిగితే లెన్స్‌లోనూ పెరుగుతుంది. అక్కడ ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ మిగులు గ్లూకోజును సార్బిటాల్‌గా మారుస్తుంది. సార్బిటాల్ కణం గోడ దాటి తేలిగ్గా బయటికి పోలేదు, లోపలే పేరుకుని నీటిని లాక్కుంటుంది. దాంతో లెన్స్ ఆకారం, వెలుతురును వంచే తీరు మారిపోతాయి. షుగర్ బాగా ఎక్కువగా ఉన్న రోజుల్లో ఎక్కువమందికి దూరపు చూపు తగ్గుతుంది. చదువుకునే అద్దాలు వాడే కొందరైతే అవి లేకుండానే చదవగలుగుతారు, చూపు బాగుపడిందని సంతోషిస్తారు కూడా. నిజానికి అది షుగర్ ఎక్కువైందన్న గుర్తు. మందులతో షుగర్ దిగడం మొదలయ్యాక కథ తిరగబడుతుంది, దగ్గరివి మసకబారతాయి. నీకు జరుగుతున్నది ఇదే అయి ఉండొచ్చు. అంటే మందు వికటించిందని కాదు. లెన్స్ కొత్త స్థాయికి సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా చదవడం మరీ కష్టమైతే మామూలు రెడీమేడ్ రీడింగ్ గ్లాసులతో గడిపెయ్.

ఒకటి గుర్తుపెట్టుకో. ఇలాంటి మసక రెండు కళ్లకీ దాదాపు సమానంగా వస్తుంది. ఒక్క కంటికే వచ్చిందంటే లెన్స్ ఉబ్బు మీదకి నెట్టేసి ఊరుకోకూడదు. అందుకే రోజూ ఒక కన్ను మూసి, మరో కంటితో అదే పేజీ చూడు. రెండూ తెరిచి ఉంటే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది.

ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే ఆ లెన్స్‌లోనే శుక్లం తొందరగా వస్తుంది. దానికి ఆపరేషన్ ఉంది, చూపు తిరిగొస్తుంది. కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. నా బెంగంతా రెటీనా గురించే.

రెటీనాలో వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాలు ఉంటాయి. వాటి గోడలకు ఆసరాగా పెరిసైట్లు అనే కణాలు ఉంటాయి. ఎక్కువకాలం షుగర్ ఎక్కువగా ఉంటే ముందు చచ్చిపోయేవి అవే. ఆసరా పోయినచోట గోడ, పాతబడ్డ సైకిల్ ట్యూబులా, చిన్న చిన్న బుడిపెలుగా ఉబ్బుతుంది. వాటిలోంచి నీరు, కొవ్వు, రక్తం ఊరుతాయి. ఆ ఊట రెటీనా మధ్యలో ఉండే మాక్యులాలోకి చేరితే అక్కడ వాపు వస్తుంది. చదవడం, ముఖాలు గుర్తుపట్టడం అన్నీ ఆ కాస్త చోటు మీదే ఆధారపడి ఉన్నాయి. ఇంకోపక్క కొన్ని నాళాలు మూసుకుపోతాయి. ఆక్సిజన్ అందని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తుంది, దాంతో కొత్త నాళాలు పుడతాయి. అవి మేలు చెయ్యవు. పెళుసుగా ఉండి చిట్లుతాయి, కంటి లోపల రక్తం నిండుతుంది, ఆనక మచ్చకట్టి రెటీనాను లాగేస్తాయి.

ఇదంతా జరుగుతున్నా నొప్పి ఉండదు. చాలాకాలం చూపూ తగ్గదు. బోర్డు మీద ఆఖరి వరస అక్షరాలు చదివేసిన మనిషి రెటీనాలోనే ముదిరిన జబ్బు ఉండొచ్చు. 'బాగానే కనిపిస్తోంది కదా' అనే మాట షుగర్ ఉన్నవాడి నోట వినపడకూడదని నా పట్టుదల. టైప్ 2 అయితే షుగర్ బయటపడిన వెంటనే రెటీనా చూపించుకోవాలి, ఎందుకంటే అది ఎన్నేళ్లుగా చాటుగా ఉందో తెలియదు. టైప్ 1 అయితే మొదటి ఐదేళ్లలోపు. ఆ తర్వాత మామూలుగా ఏడాదికోసారి, మార్పులు కనపడితే డాక్టరు చెప్పినట్టు ఇంకా ముందే. షుగర్ ఉన్న స్త్రీ గర్భం దాల్చితే మొదటి మూడు నెలల్లోనే చూపించుకోవాలి.

షుగర్‌ను అదుపులో పెడితే కంటికి నిజంగా మేలు జరుగుతుందా అని అడిగావు. జరుగుతుంది, రుజువులున్నాయి. 1993లో వెలువడిన డీసీసీటీ అధ్యయనంలో టైప్ 1 ఉన్న 1,441 మందిని ఏళ్ల తరబడి గమనించారు. మొదట్లో రెటీనా జబ్బు లేనివాళ్లలో, షుగర్‌ను గట్టిగా అదుపు చేసినవాళ్లకి ఆ జబ్బు వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. 1998లో టైప్ 2 మీద వచ్చిన యూకేపీడీఎస్ అధ్యయనం మరో సంగతి చూపించింది: రక్తపోటును గట్టిగా అదుపు చేసినవాళ్లలో రెటీనా జబ్బు ముదరడం 34 శాతం తగ్గింది. అందుకే కంటి కోసమని షుగర్ ఒక్కటే చూసుకుంటే చాలదు. బీపీ కూడా రాసుకో. సిగరెట్టు వెంటనే మానెయ్.

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. ఏళ్లుగా బాగా ఎక్కువగా ఉన్న షుగర్‌ను ఒక్కసారిగా దించేస్తే, అప్పటికే దెబ్బతిన్న రెటీనా మొదటి కొన్ని నెలల్లో ఇంకాస్త పాడవ్వొచ్చు. డీసీసీటీలోనే ఇది కనపడింది. ఆ తర్వాత మాత్రం అదుపులో ఉన్నవాళ్లే ఎంతో మెరుగ్గా ఉన్నారు. కాబట్టి దీన్ని సాకుగా పెట్టుకుని మందు ఆపకు, మోతాదు నీ అంతట నువ్వు తగ్గించుకోకు. దించేముందు, దించుతున్నప్పుడు కళ్లు చూపించుకో. నీది 10 దాటింది కాబట్టే ఇంతగా తొందరపెడుతున్నాను. హెచ్‌బీఏ1సీ 10 అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ దాదాపు 240 అన్నమాట. చాలామందికి పెట్టే లక్ష్యం 7 లోపు, అంటే సగటు 154 దగ్గర.

ఇక తిండి. కంటికి మంచి తిండి అనగానే అందరూ క్యారెట్ అంటారు. విటమిన్ ఎ లోపం ఉంటే రేచీకటి వస్తుంది, అప్పుడు క్యారెట్, ఆకుకూరలు మేలు చేస్తాయి, నిజమే. లోపం లేనివాడు ఎన్ని తిన్నా అద్దాల పవర్ తగ్గదు, రెటీనాలో ఊట ఆగదు. నీ కంటికి కావలసింది భోజనం తర్వాత షుగర్ పైకి దూకకుండా ఉండటం. అది చాలావరకు కంచంలోనే తేలుతుంది.

సుమారు 9 అంగుళాల కంచం తీసుకో. సగం కూరగాయలు, ఆకుకూరలు (దుంపలు ఈ లెక్కలోకి రావు). పావు వంతు పప్పు, గుడ్లు, చేప లాంటి మాంసకృత్తులు. మిగిలిన పావు మాత్రమే అన్నమో రొట్టో. పూటకు 45 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు అని చాలామందికి మొదట్లో చెబుతారు. వండిన అన్నం ఒక కప్పులోనే సుమారు 45 గ్రాములు ఉంటాయి, బ్రెడ్డు ముక్కకి 15 దాకా. నీకెంత సరిపోతుందో నీ మీటరే చెబుతుంది: తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకి ఒకసారి చూడు. రెండింటికీ తేడా 50 దాటితే మర్నాడు అదే భోజనంలో పిండిపదార్థం మూడోవంతు తగ్గించి మళ్లీ చూడు. రెండు గంటల అంకె 180 లోపు ఉండాలి. నాలుగు రోజులు ఇలా రాసుకుంటే నీకు ఏది పడదో తెలిసిపోతుంది. పుస్తకాల్లో ఉండే పట్టికలకంటే ఇది నమ్మదగ్గది, ఎందుకంటే ఒకే తిండి ఇద్దరిలో ఒకేలా పనిచెయ్యదు.

తినే వరస కూడా మార్చి చూడు. కూర, పప్పు ముందు తిని అన్నం ఆఖర్న తింటే, అవే పదార్థాలతో షుగర్ తక్కువ పెరుగుతుంది. పీచు, మాంసకృత్తులు కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. తిన్నాక 10, 15 నిమిషాలు నడిస్తే కండరాలు గ్లూకోజును వాడేసుకుంటాయి. పండు తిను, పళ్లరసం వద్దు. రసంలో పీచు పోయి చక్కెర మిగులుతుంది, ఒక పెద్ద గ్లాసులో 25 గ్రాముల దాకా ఉంటుంది. తేనె చక్కెరకి బదులు కాదు. 'షుగర్ ఫ్రీ' బిస్కెట్లలో చక్కెర లేకపోయినా పిండి ఉంటుంది, ప్యాకెట్ వెనక మొత్తం కార్బోహైడ్రేట్ అంకె చూసి కొను.

ఆకుకూరలు, గుడ్డు పచ్చసొన గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మాక్యులాకి రంగునిచ్చే లూటిన్, జియాజాంథిన్ వాటిలో దొరుకుతాయి. అవి కొవ్వులో కరుగుతాయి కాబట్టి ఆకుకూరలో కాస్త నూనె ఉండాలి, ఉత్త నీళ్లలో ఉడికించి తింటే ఒంటికి తక్కువ పడుతుంది. కళ్లకోసమని అమ్మే మాత్రలు మాత్రం కొనకు. 2013లో ఫలితాలొచ్చిన ఏఆర్ఈడీఎస్2 అనే అధ్యయనంలో పరీక్షించిన మందు (లూటిన్ 10 మిల్లీగ్రాములు, జియాజాంథిన్ 2, వాటితోపాటు విటమిన్ సి, ఇ, జింక్, రాగి) వయసుతో వచ్చే మాక్యులా జబ్బు ఒక దశకి చేరినవాళ్లకి ఉద్దేశించింది. షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బుకి మందు కాదు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలో విటమిన్ బి12 తగ్గొచ్చు, బాగా తగ్గితే కంటి నరం దెబ్బతింటుంది. దానికి అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకుంటే చాలు.

షుగర్ పడిపోయినా చూపు చెదురుతుంది. ఒకటి రెండుగా కనిపించడం, మసక, దాంతోపాటు చెమట, వణుకు, ఆకలి. మీటర్లో 70 కంటే తక్కువుంటే ఒక టేబుల్‌స్పూన్ చక్కెర నీళ్లలో కలిపి తాగు, లేదా అర కప్పు పళ్లరసం. పళ్లరసం పనికొచ్చేది ఇక్కడే. 15 నిమిషాలాగి మళ్లీ చూడు, ఇంకా తక్కువుంటే మళ్లీ తాగు. చాక్లెట్ వద్దు, దానిలోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతుంటే భోజనం మానడం అసలు పనికిరాదు. చూపు తేటపడేవరకు బండి నడపకు.

ఇవి కనపడితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకు, అదే రోజు వెళ్లు: ఉన్నట్టుండి నల్లటి చుక్కలు, దారాలు గుంపుగా తేలడం, మెరుపులు, ఒక పక్కనుంచి తెర కమ్మినట్టు ఉండటం, ఒక కంటికి చూపు హఠాత్తుగా పోవడం. తిన్నని గీతలు వంకరగా కనపడినా ఆలస్యం చెయ్యకు, అది మాక్యులా వాపు కావచ్చు. దానికి కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి, వీఈజీఎఫ్‌ను అడ్డుకుంటాయి. త్వరగా మొదలుపెడితే చాలామందికి చూపు మెరుగవుతుంది. కొత్త నాళాలకు చేసే లేజర్ ఉన్న చూపును కాపాడుతుంది కానీ పోయినదాన్ని తేలేదు.

పరీక్షకి వెళ్లేటప్పుడు తోడుగా ఎవరినైనా తీసుకెళ్లు. చుక్కలు వేశాక కనుపాప విప్పారడానికి అరగంట పడుతుంది, ఆ తర్వాత కొన్ని గంటలు దగ్గరివి కనపడవు, వెలుతురు గుచ్చుకుంటుంది. నల్లకళ్లద్దాలు పెట్టుకెళ్లు. నీ షుగర్ అంకెలు, బీపీ, మందుల చీటీ వెంట ఉంచుకో. డాక్టర్ని మూడు విషయాలు అడిగి రాయించుకో: రెటీనా జబ్బు ఉందా, ఉంటే ఏ దశ, మాక్యులాలో వాపు ఉందా. ఓసీటీ (రెటీనా పొరల్ని చూపించే) స్కాన్ తీస్తే ఆ కాగితం కూడా తెచ్చుకో. పరీక్ష తారీఖు ఎప్పుడిచ్చారో రాయి, రిపోర్టు ఫొటో తీసి పంపు.

నీ
శ్రీను