అరలో ఉన్న పుస్తకాన్ని పోగొట్టానని నాకు పంపిన బిల్లు గురించి

విశ్వవిద్యాలయ గ్రంథాలయం, పుస్తకాల జారీ విభాగం అధికారి గారికి,

మీ ఫిర్యాదుల పేజీలో ‘మీకు వీలైన భాషలో రాయవచ్చు’ అని ఉంది. ఇంగ్లీషులో రాసినవాటిని ఎవరూ చదివిన జాడ లేదు కనుక ఈసారి తెలుగులో రాస్తున్నాను. ఇదీ చదవకపోతే నాకు కొత్తగా వచ్చే నష్టమేమీ లేదు.

నేను డాలస్ శివార్లలో ఉంటాను. ఒక గ్రంథాలయం పాఠకులు టెక్సస్‌లోని మరో గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకునే వీలు కల్పించే టెక్స్‌షేర్ కార్డును మా ఊరి ప్రజా గ్రంథాలయం నాకు ఇచ్చింది. దానితో మీ దగ్గర పుస్తకాలు తీసుకుంటాను. విశ్వవిద్యాలయాల మధ్య మొదలై, తరువాత ప్రజా గ్రంథాలయాలకూ తలుపు తెరిచిన మంచి ఏర్పాటు అది. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. నన్నయకు ముందరి శాసనాల మీద ఒక పాత పుస్తకం తీసుకున్నాను, గడువులోపలే మా ఊరి కౌంటర్‌లో తిరిగి ఇచ్చి రసీదు తీసుకున్నాను. అక్కడి నుంచి అది కొరియర్‌లో మీకు వచ్చింది. కొన్నాళ్లకు, పుస్తకం పోగొట్టానంటూ మీ బిల్లు వచ్చింది. అది ఎంతన్నది ఇక్కడ రాయను. నా బాధ డబ్బు గురించి కాదు.

ఫోను చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, మీరు మా విద్యార్థి కాదు, విద్యార్థి నంబరు లేనిదే మీ ఖాతా తెరుచుకోదు అంది. బిల్లు పంపడానికి అడ్డురాని నంబరు జవాబు చెప్పడానికి అడ్డొచ్చిందన్నమాట. మా ఊరి గ్రంథాలయాన్ని అడిగితే, మీ కార్డు ఆపమన్నది విశ్వవిద్యాలయం వాళ్లే, వాళ్లు రాసిస్తేనే విడిచిపెడతాం అన్నారు. మళ్లీ మిమ్మల్ని అడిగితే, కార్డు మీ ఊరి వాళ్లది, మాకేం సంబంధం అన్నారు. మీ వెబ్‌సైటులో పలకరించే యంత్రాన్ని కూడా అడిగాను. పుస్తకం గల్లంతైంది అని రాస్తే, శనివారం గ్రంథాలయం ఏ వేళల్లో తెరిచి ఉంటుందో చెప్పింది. ఇంతమందిలో అడిగిన వెంటనే ఏదో ఒక సమాచారం ఇచ్చింది అదొక్కటే!

తరువాత ఒక పెద్దమనిషి దయతలచి, అరల్లో వెతికిస్తామని, ఆ వినతికి ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరు చెబితే మరుసటిసారి ఫోను ఎత్తినాయన, ఇది మా నంబరు కాదు, గ్రంథాలయాల మధ్య పుస్తకాలు పంపించే అంతర్ గ్రంథాలయ సేవల వాళ్లది అన్నారు. ఆ సేవల వాళ్లేమో, పుస్తకాన్ని మేము మీ ఊరికి తెప్పించి ఇస్తే మా బాధ్యత, మీరే వచ్చి కార్డు చూపించి తీసుకెళ్లారు కాబట్టి జారీ విభాగానికే వెళ్లండి అన్నారు. తేడా నాకు తెలియక కాదు. ఆ తేడా చూపించి తప్పించుకోవచ్చని మాత్రం మీ దగ్గరే తెలుసుకున్నాను.

చివరికి నేనే వచ్చి మూడో అంతస్తులో వెతికాను. పుస్తకం దాని చోట్లోనే ఉంది. గోధుమరంగు గుడ్డ బైండు, వీపు మీద సగం ఊడిన చీటీ, లోపలి అట్ట మీద ‘పీఎల్ 480’ అనే అమెరికా ఆహార సాయం చట్టం ముద్ర. ఆ ముద్ర కథ మీ సిబ్బందికి తెలుసో లేదో. అమెరికా ఇచ్చిన గోధుమలకు మా దేశం చెల్లించిన రూపాయలతోనే, 1962 నుంచి ఢిల్లీలో మీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మా పుస్తకాలు కొని ఇక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. మావాళ్లు తిన్న గోధుమల బాకీ కింద మీ అరలోకి చేరిన పుస్తకానికి ఇప్పుడు నేను మరోసారి డబ్బు కట్టాలి!

ఫోటో తీసి కింద కౌంటర్‌లో చూపించాను. అక్కడున్న కుర్రవాడు నా ఫోను చూశాడు, తన కంప్యూటర్ చూశాడు, ‘ఇందులో పోయినట్టే ఉంది సార్’ అన్నాడు. పైకి వెళ్లి తెచ్చి చూపిస్తానన్నాను. పోయిన పుస్తకాన్ని తీసుకునే అధికారం తనకు లేదట. పై అధికారి సోమవారం ఫోను చేస్తారన్నాడు. ఏ సోమవారమో అడగకపోతిని. పుస్తకాన్ని అక్కడే వదిలి వచ్చాను. చేత్తో పట్టుకుని గుమ్మం దాటితే దొంగతనం కూడా అంటగట్టేవారు.

ఏళ్లుగా మీ పాఠకుణ్ణి. మా ఆదివారం తెలుగు బడి తల్లిదండ్రులకు మీ తెలుగు అరల గురించి చెప్పింది నేనే. మా నాన్నగారి పుస్తకాలు రెండు పెట్టెలు మీకే ఇచ్చాను. అప్పటి నుంచి విరాళం అడిగే ఉత్తరాలు తప్పకుండా వస్తున్నాయి. వాటికి నా చిరునామా ఇట్టే దొరుకుతుంది, విద్యార్థి నంబరుతో పని లేదు.

ఇప్పుడు నా కార్డు ఆగిపోయింది. దాని మీదే తెలుగు నవలలు తెచ్చుకుని చదివే మా అమ్మకు కాలక్షేపం లేకుండా పోయింది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతూ వచ్చిన ఆంధ్ర ప్రాంతపు మనిషి ఆమె. ‘ఒకరు మెట్లెక్కి చూసి వస్తే తేలిపోయేదానికి ఇంత తతంగమా?’ అని రోజూ అడుగుతోంది. మీరే జవాబు చెప్పండి.

బిల్లు రద్దయిందని మా ఊరి గ్రంథాలయానికి ఒక్క వాక్యం రాయాలి. ఆ వాక్యం కింద ఒక మనిషి పేరు ఉండాలి. ‘జారీ విభాగం’ అన్న సంతకం నాకు చెల్లదు. రద్దు చేస్తే ఇంతటితో వదిలేస్తానని కూడా అనుకోకండి. మీది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. టెక్సస్ ప్రజా సమాచార చట్టం కింద నా ఖాతా మీద మీవాళ్లు రాసుకున్న ప్రతి అక్షరమూ, ఆ పుస్తకాన్ని ఎవరు ఎప్పుడు వెతికారన్న వివరమూ అడుగుతూ వేరే దరఖాస్తు పెడుతున్నాను. దానికి 10 పని దినాల్లోగా ఏదో ఒకటి తేల్చక తప్పదు కదా. అది వచ్చాక మా నగర కౌన్సిల్‌లో మాట్లాడతాను, మా శాసనసభ్యుడికి రాస్తాను, మీ పాలకమండలికీ రాస్తాను. ఈసారి అందరికీ ఇంగ్లీషులోనే.

ఇట్లు,
మీ లెక్కలో పుస్తకం పోగొట్టిన పాఠకుడు

జతచేసినవి: మా ఊరి గ్రంథాలయం రసీదు, మూడో అంతస్తు అర ఫోటో, విరాళం కోరుతూ మీరు పంపిన తాజా ఉత్తరం.