బావా, తప్పు గీజరుది కాదురా

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో, ఇంతవరకూ జవాబు రాయలేదని కోపం పెట్టుకోకు. సంక్రాంతి లోపు గృహప్రవేశం అయిపోవాలని రాజమండ్రిలో సగం మంది నా మీద పడ్డారు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. మీ నాన్నగారి గదిలో ఫ్యాను బిగించేశాను, రెగ్యులేటరు కూడా మార్చాను, డబ్బుల మాట ఎత్తావంటే రావులపాలెం అరటిగెల సంగతి మీ ఆవిడకి చెప్పేస్తాను. కబుర్లు అంతే. అసలు సంగతి వేరే ఉంది. ఇంకెవరికి చెప్పినా బుర్ర ఊపుతారే గానీ అర్థం కాదు.

మొన్న ఒక రిటైర్డు మాస్టారి ఇంటికి ట్యూబ్‌లైటు మార్చడానికి వెళ్లాను. డీబీ, అదే కరెంటు లైన్లన్నీ పంచే బాక్సు, మూత తీసేసరికి ఒళ్లు మండిపోయింది. కరెంటు ఎర్తుకి లీకైతే పడిపోయి సప్లై ఆపేసే స్విచ్చు ఆర్‌సీసీబీ, దానికి వచ్చే వైర్లు, పోయే వైర్లు తీసి ఒకదానికొకటి కలిపేసి టేపు చుట్టేశారు! ఇదేంటి మాస్టారూ అంటే, "పొద్దున్నే గీజరు వేస్తే చాలు ఈ ఆర్‌సీసీబీ పడిపోయేదయ్యా. ఒకాయన గీజరు కాయిల్ మార్చాడు. ఇంకొకాయన ఆర్‌సీసీబీయే పాడైందని కొత్తది పెట్టాడు. మూడో ఆయన అసలు ఇది అక్కర్లేదని డైరెక్ట్ చేసి వెళ్లాడు" అన్నారు. కూతురు పురిటికి వచ్చి ఉంది. బాలింతకీ పసిబిడ్డకీ తెల్లవారుజామున ఆ గీజరు నీళ్లే. తడి చేతుల ఇల్లది! 30 మిల్లీ ఆంపియర్లకి కట్ చేసి ప్రాణం కాపాడే వస్తువుని పక్కన పెట్టేసి, డబ్బులు తీసుకుని ఎలా వెళ్లిపోతారురా?

నేను మాత్రం వదల్లేదు. గీజరు వేయొద్దు, నీళ్లు పొయ్యి మీద కాచుకోండి, రేపు తెల్లారకుండా వస్తానని చెప్పి వచ్చాను.

ఇప్పుడు నీకూ నాకూ ఉన్న పాత గొడవలోకి వస్తున్నాను. గోడలు కోసే మెషిన్ కొనరా, పని రెండింతలవుతుంది అని నువ్వు ఫోన్లో చెవినిల్లు కట్టుకుని చెప్పావు కదా? నేను ఆ డబ్బు పెట్టి లీకేజీ క్లాంప్ మీటరు కొన్నాను, వైర్ల చుట్టూ పట్టుకుని ఎంత కరెంటు లీకవుతోందో చూపించేది. నీకు చెప్పలేదు, తిడతావని. గోడ కోసే మెషిన్ అద్దెకి దొరుకుతుందిరా. మిల్లీ ఆంపియరు చూపించే మీటరు మన ఊళ్లో ఎవరు అద్దెకిస్తారు? మామూలు క్లాంప్ మీటరుతో ఏసీ ఎంత లాగుతోందో తెలుస్తుంది, ఇంత చిన్న లీకు దానికి ఆనదు. ఇక టెస్టరు సంగతి నీకు తెలిసిందే. న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి పోయే వైరు, తెగితే ప్లగ్గు రెండు కన్నాల్లోనూ వెలిగి కూర్చుంటుంది. ఇప్పటికీ ఒక్క టెస్టరు జేబులో పెట్టుకుని ఇళ్లకి వెళ్లేవాళ్లని చూస్తే నాకు భయం.

సరే, తెల్లవారుజామున వెళ్లాను. ఆర్‌సీసీబీని తప్పించిన ఆ డైరెక్ట్ వైర్లు అలాగే ఉంచి, మెయిన్ దగ్గర ఫేజునీ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రల్‌నీ కలిపి క్లాంపులో పెట్టాను. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమైతే సున్నా చూపించాలి కదా. గీజరు వేయించాను. 41 మిల్లీ ఆంపియర్లు! ఆపించాను. తగ్గింది గానీ సున్నాకి రాలేదు. తర్వాత ఒక్క గీజరు లైను పట్టుకున్నాను. మళ్లీ వేయించి చూస్తే దాదాపు సున్నా. పాపం, గీజరు ఏ తప్పూ చేయలేదు బావా! అనవసరంగా దాని కాయిల్ మార్చారు.

ఒక్కో లైనూ పట్టుకుంటూ పోయాను. మేడ మీద గది లైను దగ్గరకొచ్చేసరికి... ఎలా చెప్పను! దాని ఎంసీబీ, అదే ఆ ఒక్క లైనుని ఆపే స్విచ్చు, కిందికి దించి ఉంది. గదిలో ఒక్క బల్బు వెలగట్లేదు. మీటరులో మాత్రం 38 మిల్లీ ఆంపియర్లు!

నీకు ఈపాటికి వెలిగే ఉంటుంది. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజునే కదా తెంచేది. న్యూట్రల్ మాత్రం న్యూట్రల్‌లన్నీ బిగించే బార్ దగ్గర కలిసే ఉంది, పైన ఎక్కడో ఎర్తుకి తగులుతోంది. ముందొచ్చినవాళ్లు ఎంసీబీలు ఒక్కొక్కటీ దించి చూశారట, ఏది దించినా తేడా రాలేదట. ఎలా వస్తుంది? గీజరు వేయగానే న్యూట్రల్ మీద రెండు మూడు వోల్టులు పెరుగుతాయి, అంతే, కొంత కరెంటు పై గది దారిలో ఎర్తులోకి పోతుంది. వీధిలో అందరూ గీజర్లు వేసే టైములో అయితే వీళ్లు ఏదీ వేయకపోయినా న్యూట్రల్ అలాగే పెరిగి ఆర్‌సీసీబీ పడిపోయేది. మాస్టారి భార్య ఆ మాట ముందే చెప్పారట, "ఏమీ వేయకుండానే పడిపోతోంది బాబూ" అని. ఎవరూ వినిపించుకోలేదు. ఆవిడ చెప్పిన ఆ ఒక్క మాట పట్టుకుంటే సగం పని అయిపోయేదిరా.

బార్ నుంచి ఆ న్యూట్రల్ విప్పేశాను, మెయిన్ దగ్గర సున్నా. మెయిన్ ఆపేసి పైకెళ్లి స్విచ్ బోర్డులు ఒక్కొక్కటీ విప్పాను. కూతురి పెళ్లికి కొత్త మాడ్యులర్ ప్లేట్లు వేయించారు. మంచం పక్క బోర్డులో ప్లేటు స్క్రూ కావలసినదానికన్నా పొడుగుది వేశారు. అది వెళ్లి నల్ల వైరు, అంటే న్యూట్రల్, తొడుగు చీల్చి రాగికి ఆనింది, ఆ స్క్రూ ఇనప బాక్సులో, బాక్సుకి ఎర్తు. చీలిక గోరంత కూడా లేదు. మాస్టారిని పిలిచి టార్చి వేసి చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

ఆ ముక్క తీసేసి కొత్త వైరు లాగాను. బల్బులు, ఫ్యాన్లు, ఛార్జర్లు అన్నీ విప్పి వైరు తొడుగు గట్టిగా ఉందో లేదో చూపించే మెగ్గర్‌తో 500 వోల్టులు ఇచ్చి చూశాను, 200 మెగాఓమ్‌లు దాటింది, అంటే లీకు లేనట్టే. ఆర్‌సీసీబీ మళ్లీ ఎక్కించి, టెస్ట్ బటన్ నొక్కించి, ఇది నెలకోసారి మీరే నొక్కండి అని మాస్టారి చేత్తోనే చేయించాను. గీజరు, మోటారు, మిక్సీ అన్నీ ఒకేసారి వేశాం. నిలబడింది బావా!

డబ్బుల దగ్గరే నాకు మనసు ఆగదు. పాయింటుకింత అని మనకి రేటుంది, వెతికినందుకు రేటు లేదు. స్క్రూ మార్చినందుకు ఎంత అడగను? మాస్టారు మాత్రం "నువ్వు మార్చినదానికి కాదయ్యా, కనిపెట్టినదానికి" అని నేను అనుకున్నదానికన్నా ఎక్కువే చేతిలో పెట్టారు. ఇక నుంచి వెతకడానికి వేరే రేటు ముందే చెప్పేద్దామనుకుంటున్నాను. అడిగితే పనులు తగ్గుతాయంటావా? నీ అభిప్రాయం రాయి. మన గురువుగారైతే ఏమనేవారో... ఆయన అసలు నోరు తెరిచి అడిగిందెప్పుడు!

దోహా నుంచి నువ్వు పంపిన వెయ్యి వోల్టుల దాకా తట్టుకునే స్క్రూడ్రైవర్ల సెట్టు ఆ రోజే మొదటిసారి వాడాను, పిడి చేతిలో భలే ఇమిడింది. వచ్చేటప్పుడు అలాంటిదే కటింగ్ ప్లయర్ కూడా... ఉండు, కింద బండి హారన్ కొడుతున్నారు, ధవళేశ్వరంలో అపార్ట్‌మెంటు పంపు మోటారు ఆగిపోయిందట. మిగతాది మళ్లీ రాస్తా.

నీ బావ