మా తమ్ముడి తుంటి మార్పిడికి తోడు నిలిచిన వారికి కృతజ్ఞతలు

విశాఖపట్నంలో తుంటి కీలు మార్పిడి చేయించుకున్న మా తమ్ముడు ఇప్పుడు రాయగడలో కర్ర సాయం లేకుండా నడుస్తున్నాడు. రక్తం ఇచ్చిన రాయగడ, పార్వతీపురం మిత్రులకు, వైద్య బృందానికి, మా వీధి పెద్దాయనకు మా కుటుంబమంతా రుణపడి ఉంది.

ఇంత చిన్న వయసులో తుంటి మార్పిడి ఎందుకని బంధువులందరూ అడిగారు. తమ్ముడికి సికిల్ సెల్ వ్యాధి ఉంది. కొడవలి ఆకారంలోకి మారిన ఎర్ర రక్తకణాలు సన్నని రక్తనాళాలకు అడ్డుపడితే తుంటి కీలులో ఉండే తొడ ఎముక తలకు రక్తం అందదు; అది క్రమంగా చచ్చుబడి కుంగిపోతుంది. తొలిదశలో ఎక్స్‌రేలో కనిపించని ఈ మార్పు ఎంఆర్‌ఐలో తెలుస్తుందని డాక్టరుగారు ఓపికగా వివరించారు. సికిల్ సెల్ ఎక్కువగా ఉన్న మన దక్షిణ ఒడిశాలో, తగ్గని గజ్జల నొప్పిని వాతమని వదిలేయకూడదని అందరికీ మనవి.

మత్తు డాక్టరుగారికి ప్రత్యేక నమస్కారాలు. ఒంట్లో నీరు తగ్గకుండా, చలి తగలకుండా, ఆక్సిజన్ పడిపోకుండా ఆయన తీసుకున్న జాగ్రత్త వల్లనే ఆపరేషన్ సమయంలో సికిల్ నొప్పులు రాలేదని మా నమ్మకం. కీలు ఎంతకాలం వస్తుందని అడిగితే, చాలామందికి 15 నుంచి 20 ఏళ్ళు, అంతకు మించి కూడా పనిచేస్తుందనీ, చిన్న వయసువారికి మళ్ళీ మార్చవలసి రావచ్చనీ దాచకుండా చెప్పారు.

మరునాడే వాకర్‌తో నిలబెట్టిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి, నేల మీద బాసింపట్టు వేసుకుని తినవచ్చా అన్న మా నాన్నగారి ప్రశ్నకు ఎన్నిసార్లు జవాబు చెప్పిందో! కీలును వెనుక వైపు నుంచి తెరిచారు కాబట్టి, డాక్టరు అనుమతించేదాకా తుంటిని 90 డిగ్రీలకు మించి వంచరాదని, కాలు మీద కాలు వేయరాదని, పాదాన్ని లోపలికి తిప్పరాదని, పడుకునేటప్పుడు కాళ్ళ మధ్య దిండు ఉండాలని నేర్పింది. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా, గాయం నుంచి చీము కారినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రమ్మని సిస్టర్లు రాసి ఇచ్చారు.

గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి వాడకూడదన్నప్పుడు మాకు దిక్కు తోచలేదు. ఇదే ఆపరేషన్ చేయించుకున్న మా వీధి పెద్దాయన తన కమోడ్ కుర్చీని, ఎత్తు కుర్చీని స్వయంగా పంపించారు. తమ్ముడికి వాటి అవసరం తీరింది. అవసరమైన వారికే ఇవ్వమని ఆయన చెప్పారు కనుక, రాయగడ చుట్టుపక్కల ఎవరికి కావాలన్నా మాకు కబురు చేయండి, తెచ్చి ఇస్తాము.