ఎర్త్ పిన్ తీసేయమనే సలహా వెంటనే ఆపండి: స్టూడియో స్పీకర్లపై ఫిర్యాదు

విజయనగరం

వినియోగదారుల సేవా విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: కంప్యూటర్‌కు కలిపే మీ స్టూడియో స్పీకర్ల జతతో వస్తున్న పవర్ కార్డు, వాడుక పుస్తకంలోని తప్పు బొమ్మ, మీ సహాయ కేంద్రం చెబుతున్న ప్రమాదకరమైన సలహా గురించి.

అయ్యా / అమ్మా,

విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం, పలాసల్లోని చిన్న రికార్డింగ్ గదులకు సౌండ్ పరికరాలు బిగించి, మరమ్మతు చేసే పని మాది. మీ స్పీకర్లు కొన్నవాళ్లు తెస్తున్న ఫిర్యాదులు ఎక్కువగా మూడు: హమ్మింగ్ (ఆగకుండా వచ్చే గుయ్యిమనే మోత), వెనుక ప్యానెల్ ముట్టుకుంటే జివ్వుమనడం, పాటలో గొంతు మాయం కావడం. మూడింటికీ కారణం చాలావరకు స్పీకర్ లోపలి సర్క్యూట్ కాదు, పెట్టెలో మీరు పెట్టిన కార్డూ పుస్తకమూ. అయినా మీ సహాయ కేంద్రం అందరికీ ఒకే వరసలో జవాబు చెబుతోంది: కంప్యూటర్‌లోని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేయండి, కేబుల్ మార్చండి, అప్పటికీ పోకపోతే ఎర్త్ పిన్ లేని ప్లగ్గు వాడండి. ఈ చివరి మాట కోసమే ముఖ్యంగా ఈ ఉత్తరం.

ముందు కార్డు సంగతి. మీరు ఇస్తున్నది ఐరోపా దేశాల గుండ్రటి ప్లగ్గు. దాని ఎర్త్ పక్కనున్న లోహపు పట్టీల్లో ఉంటుంది. మన దేశపు ప్లగ్గుల ప్రమాణమైన ఐఎస్ 1293 సాకెట్టులో ఎర్త్ పైనున్న లావు కన్నంలో ఉంటుంది. ప్లగ్గు రెండు కాళ్లూ సాకెట్టులోకి దూరతాయి, స్పీకర్ వెలుగుతుంది, ఎర్త్ మాత్రం కలవదు. పైగా ఆ కాళ్లు 4.8 మిల్లీమీటర్లు, మన 6 ఆంపియర్ల ప్లగ్గు కాళ్లు సుమారు 5.1 మిల్లీమీటర్లు. వదులుగా కూర్చుని, కదిలినప్పుడల్లా లోపల నిప్పురవ్వ లేచి చిటపటలాడుతుంది. బజారులో దొరికే కన్వర్టర్ ప్లగ్గుల్లో చాలావాటికి మూడో కాలు పేరుకే ఉంటుంది, లోపల ఏ పట్టీకీ తగలదు.

ఎర్త్ లేకపోతే స్పీకర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా మెటల్ ప్యానెల్ మీదికి వోల్టేజీ ఎక్కుతుంది. మల్టీమీటర్‌ను ఏసీలో పెట్టి ప్యానెల్ స్క్రూకీ నిజమైన ఎర్త్‌కీ మధ్య చూస్తే సరఫరాలో సగం దాకా, అంటే 100 వోల్టుల పైచిలుకు కనిపించవచ్చు. ఆ కరెంటు చాలా కొద్దిది, అందుకే జివ్వుమని వదిలేస్తుంది. అయితే లోపల ఏ ఇన్సులేషన్ దెబ్బతిన్నా అదే ప్యానెల్ మీదికి 230 వోల్టులు వస్తాయి. గాయకుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని, మైకు పట్టుకుని నిలబడే గది అది. తీర ప్రాంతపు ఉక్కపోతకు చేతులు ఎప్పుడూ చెమటతోనే ఉంటాయి. ఇలాంటి చోట ఎర్త్ తీసేయమని చెప్పడం ఎంత తప్పో మీ ఇంజనీర్లను అడగండి.

ఎర్త్ సరిగా కలిపాక కొన్నిచోట్ల హమ్మింగ్ మొదలవుతుందన్నది నిజమే. కంప్యూటర్‌కూ ఎర్త్ ఉంది, స్పీకర్‌కూ ఉంది, రెంటినీ మళ్లీ యూఎస్‌బీ కేబుల్ కలుపుతోంది. ఆ చుట్టులో తిరిగే కరెంటు ధ్వనిలోకి దూరుతుంది. దీనికి మందు ఎర్త్ తెంచడం కాదు. మీవాళ్లు ఫోన్‌లో చెప్పాల్సిన వరస ఇది.

మొదట ఇన్‌పుట్ కేబుళ్లన్నీ, యూఎస్‌బీతో సహా, పీకేయాలి. అప్పుడూ హమ్మింగ్ ఉంటే తప్పు స్పీకర్‌లోనే. పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్లు ఎండితే 100 హెర్ట్జ్‌ల మోత వస్తుంది, దాన్ని వారంటీలో తీసుకోవాలి. ట్వీటర్‌కు (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్‌కు) చెవి ఆనిస్తే వినిపించే సన్నని 'స్‌స్' మాత్రం మామూలే. కేబుళ్లు తీయగానే నిశ్శబ్దమైతే కంప్యూటర్, రెండు స్పీకర్లు ఒకే స్పైక్ బోర్డులో పెట్టాలి. చాలా గదుల్లో ఇంతటితోనే సద్దుమణుగుతుంది. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడాలి. శబ్దం ఆగిపోతే ఛార్జర్ దారిలోనే వస్తోందన్నమాట. మౌస్ కదిపినప్పుడల్లా కీచుమని మారే శబ్దం కూడా ఈ ఎర్త్ చుట్టు పనే ఎక్కువ. డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా అది పోదు.

అప్పటికీ మిగిలితే ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కు తగిలించే సౌండ్ పెట్టె) నుంచి బ్యాలెన్స్‌డ్ కేబుల్, అంటే సిగ్నల్‌ను రెండు తీగల్లో పంపి దారిలో చేరిన మోతను కొట్టివేసే కేబుల్ వాడాలి. ఇంటర్‌ఫేస్ లేనివాళ్లకు రెండు కోర్ల షీల్డు వైరుతో కేబుల్ చేయించవచ్చు: ఒక కోరు సిగ్నల్ నుంచి స్పీకర్ పిన్ను కొసకు (టిప్‌కు), రెండోది కంప్యూటర్ వైపు గ్రౌండ్ నుంచి కొస వెనుక పట్టీకి (రింగ్‌కు), షీల్డు కంప్యూటర్ వైపు మాత్రమే అతకాలి, స్పీకర్ వైపు వదిలేయాలి. లేదా 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. యూఎస్‌బీ ఐసొలేటర్ (డేటాను పంపుతూనే రెండు పరికరాల మధ్య విద్యుత్ సంబంధం లేకుండా చేసే పెట్టె) కొనమనే ముందు ఒక మాట చెప్పాలి. చవకవి సెకనుకు 12 మెగాబిట్ల వేగానివే. 480 మెగాబిట్ల వేగం కోరే పరికరం వాటి వెనుక కనిపించకపోవచ్చు.

ఇళ్లలో వైరింగ్ లోపాలూ ఉంటాయి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు మించితే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవమనే మేమూ చెబుతున్నాం. దానికి మిమ్మల్ని అనడం లేదు.

హమ్మింగ్ చిన్న విషయమని మీవాళ్లు అంటున్నారు. 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న ఊరు విజయనగరం. ఇక్కడ స్టూడియోకు వచ్చేవాళ్లలో ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడే గాయనులు చాలామంది. ఐదు శ్రుతి షడ్జం, అంటే 'స' స్వరం 196 హెర్ట్జ్‌లు, ఐదున్నర దాదాపు 208. మన 50 హెర్ట్జ్‌ల కరెంటు హమ్మింగ్‌లోని 200 హెర్ట్జ్‌ల స్వరం సరిగ్గా ఆ రెంటి మధ్య పడుతుంది. ఐదు శ్రుతి తంబురాతో కలిసి సెకనుకు నాలుగుసార్లు ఊగుతుంది. అది రికార్డింగ్‌లో పడకపోయినా, శ్రుతి సరిచూసుకునే చెవిని తప్పుదారి పట్టిస్తుంది.

ఇక గొంతు మాయం కావడం. మీ పుస్తకంలోని బొమ్మలో ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒకే స్టీరియో కేబుల్ వచ్చి స్పీకర్ టీఆర్‌ఎస్ (టిప్, రింగ్, స్లీవ్ అనే మూడు భాగాల పిన్ను పట్టే) ఇన్‌పుట్‌లోకి పోతోంది. ఆ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్, టిప్ లోంచి రింగ్‌ను తీసివేసి మిగిలింది వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ రంధ్రంలో టిప్ ఎడమ, రింగ్ కుడి. రెంటిలోనూ సమానంగా ఉండేది మధ్యలో నిలిపిన గొంతు, అదే కొట్టుకుపోతుంది. ప్రతిధ్వని, పక్క వాయిద్యాలు మాత్రం మిగులుతాయి. మన ఉత్తరాంధ్ర జానపద కథాగానమైన జముకుల కథ రికార్డు చేసినవాళ్లకు కథ పోయి, పక్కన పాడే వంతల గోల మిగిలితే స్పీకర్ చెడిపోయిందనుకోరా? మీవాళ్లు కూడా అలాగే అనుకుని స్పీకర్లను మరమ్మతుకు తెప్పిస్తున్నారు. కావలసింది ఒక వైపు 3.5 మిల్లీమీటర్ల స్టీరియో, రెండో వైపు రెండు 6.35 మిల్లీమీటర్ల మోనో పిన్నులున్న కేబుల్ మాత్రమే.

ఆటో స్టాండ్‌బై, అంటే శబ్దం లేనప్పుడు స్పీకర్ తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు గురించి కూడా. ఇంట్లో వాడేవాళ్లకు కరెంటు ఆదా మంచిదే. స్టూడియోలో సన్నని ఆలాపన వింటుండగా స్పీకర్ నిద్రపోవడం, లేచేసరికి మొదటి అక్షరం మింగేయడం పనికిరాదు. దాన్ని ఆపే స్విచ్ వెనుక ప్యానెల్ మీద ఉండాలి.

మేము కోరుతున్నది: అమ్మిన ప్రతి జతకూ ఐఎస్ 1293 మూడు కాళ్ల ప్లగ్గు కార్డులు రెండు ఉచితంగా పంపండి. కంప్యూటర్ దుకాణాల్లో దొరికే మామూలు కార్డే మీ స్పీకర్‌కు సరిపోతుంది, అసలు పెట్టెలో పెట్టాల్సింది అదే. పుస్తకంలో ఆ బొమ్మ తీసేసి, సరైన కేబుల్ బొమ్మలూ ఎర్త్ హెచ్చరికా తెలుగులో అచ్చువేయండి. ఎర్త్ తీసేయమన్న సలహా తప్పని ఇప్పటికే విన్నవాళ్లందరికీ రాతపూర్వకంగా తెలియజేయండి. కేబుల్ వల్ల వచ్చిన లోపానికి మరమ్మతు పేరుతో వసూలు చేసిన రవాణా ఖర్చులు తిరిగి ఇవ్వండి.

సరైన వాడకం గురించి తగిన సూచనలు, హెచ్చరికలు లేక హాని జరిగితే తయారీదారు బాధ్యత వహించాలని వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 84 చెబుతోంది. స్వయం ఉపాధికి కొన్నవాళ్లూ ఆ చట్టం కింద వినియోగదారులే, తాము ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. ముప్పై రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే ఆ దారి పట్టాల్సి వస్తుంది.

ప్లగ్గు, సాకెట్టు, పుస్తకంలోని పేజీ ఫొటోలు, ప్యానెల్ వోల్టేజీ రీడింగులు జతపరిచాం. మీ ఇంజనీరు ఎవరైనా వస్తే ఎర్త్ ఉన్న కార్డుతో ఒకసారి, లేని కార్డుతో ఒకసారి మీటర్ పెట్టి చూపించడానికి సిద్ధంగా ఉన్నాం. కార్డులు పంపేదాకా ఆగకుండా, ఎర్త్ పిన్ మాట మాత్రం సహాయ కేంద్రంలో ఈరోజే ఆపించండి.

ఇట్లు,
సౌండ్ పరికరాల మరమ్మతు, అమరిక పనివారు,
విజయనగరం