ఏడో నంబరు సంచుల గురించి

మా దగ్గర ముడిబియ్యం తీసుకునే వారందరికీ నమస్కారం.

జనవరి నుంచి మీకు పంపిన బియ్యంలో ఏడో నంబరు చీటీ కుట్టిన సంచులు మేము మాట ఇచ్చిన బియ్యం కాదు. సంచి మీద "తెగుళ్ల మందు కొట్టని వరి" అని అచ్చు వేసి ఇచ్చాం. ఆ వరికి మందు కొట్టారు. ఒక్కసారే, వెన్ను (వరి కంకి) బయటికి వచ్చే దశలో, ట్రైసైక్లజోల్ కొట్టారు. ప్రయోగశాల పరీక్షలో కిలో బియ్యానికి 0.04 మిల్లీగ్రాముల అవశేషం తేలింది.

తిన్నవారికి ప్రమాదమా అన్నది మీ మొదటి ప్రశ్న. ట్రైసైక్లజోల్ మన దేశంలో నిషేధించిన మందు కాదు. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద వరిలో అగ్గి తెగులుకు నమోదై ఉంది. లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున కలిపి కొట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలే రైతులకు చెబుతారు. బియ్యంలో అవశేషం ఎంతవరకు ఉండవచ్చో మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పరిమితి పెట్టింది. మా సంచుల్లో తేలింది దానికి చాలా లోపే.

ఐరోపా సమాఖ్య లెక్క వేరు. అక్కడ ఈ మందుకు 2008లోనే అనుమతి నిరాకరించారు. 2017లో బియ్యంలో అవశేష పరిమితిని కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి దించారు. అంటే పది కోట్లలో ఒక వంతు. మన బాస్మతికి మాత్రం కొంత ఎక్కువ గడువు ఇచ్చారు. ఆ దెబ్బకే పంజాబ్ ప్రభుత్వం 2023లో బాస్మతి పంటపై ఈ మందుతో పాటు మొత్తం 10 మందుల అమ్మకాన్ని, వాడకాన్ని 60 రోజులు నిలిపివేసింది. అయితే 0.01 దాటితే విషమని ఎవరూ తేల్చలేదు. ఈ మందు జన్యువులకు హాని చేయదని చెప్పడానికి తగినంత సమాచారం లేదని, పరికరాలు నమ్మకంగా పట్టగలిగే అడుగు స్థాయి దగ్గర గీత గీశారు. తరువాత అదనపు అధ్యయనాలు పరిశీలించిన ఐరోపా ఆహార భద్రత సంస్థ, 0.09 వరకు ఉన్నా తినేవారికి ముప్పు కనిపించడం లేదని 2023లో అభిప్రాయం చెప్పింది.

కాబట్టి ఇప్పటికే తిన్నవారు భయపడనక్కరలేదని నా నమ్మకం. కానీ పరిమితికి లోబడిన బియ్యమే కావాలనుకుంటే మీరు ఇంత దూరం నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు కాదు. పైగా మీరు తినేది ముడిబియ్యం. ఇలాంటి అవశేషాలు ఎక్కువగా ఊకలో, తవుడులో ఉంటాయి. పాలిష్ పడితే చాలావరకు తవుడుతో పోయేది మీ పళ్లెంలోకే వస్తుంది.

ఆ ఏడో నంబరు రైతు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మాకు ధాన్యం ఇచ్చే తొమ్మిది మందిలో ఆయనే మొదటివాడు. నేను ఈ వ్యాపారం మొదలుపెట్టినప్పుడు నన్ను నమ్మి తన మొత్తం పంటను నా చేతిలో పెట్టిన మనిషి. ఆయన ధాన్యాన్ని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పరీక్షకు పంపలేదు. ఫిబ్రవరిలో మీలో ఒక అమ్మగారు పరీక్ష నివేదిక చూపించమని అడిగితే నాకు కోపం వచ్చింది. "మా రైతు మాటే మా నివేదిక" అన్నాను. ఫోను పెట్టేశాక కూడా ఆ కోపం తగ్గలేదు. ఆమె అనుమానం తప్పని చూపించాలనే పంతంతో తొమ్మిది నంబర్ల నమూనాలూ పంపాను. ఎనిమిదింటిలో ఏమీ తేలలేదు. ఆయనదే తేలింది.

ఆ నివేదిక పట్టుకుని వెళ్లాను. ఆయన దాచలేదు. వెన్ను తీసే రోజుల్లో వరసగా నాలుగు రోజులు మంచు పట్టిందట. గట్టు అవతలి పొలంలో అగ్గి తెగులు వెన్ను మెడకు సోకి, మెడవిరుపు మొదలై వెన్నులు తెల్లబడి వాలిపోతున్నాయట. ఈ తెగులు ఎలాంటిదో తెలిసినవారికి ఆ భయం అర్థమవుతుంది. శిలీంధ్రం బీజం మొక్కకు అంటుకుని చిన్న నల్లని బుడగ కడుతుంది. దానిలో వాతావరణ పీడనానికి 80 రెట్ల వరకు ఒత్తిడి పెంచుకుని, పై పొరను పొడుచుకుని లోపలికి దిగుతుంది. బుడగ అంత ఒత్తిడిని తట్టుకునేది మెలనిన్ అనే నల్లని పదార్థం వల్ల. ట్రైసైక్లజోల్ ఆ మెలనిన్ తయారీని ఆపుతుంది. శిలీంధ్రం చావదు గానీ, లోపలికి దిగలేదు. అందుకే తెగులు కనిపించాక కొడితే ఫలితం తక్కువ, ముందే కొట్టాలి. రేపు చూద్దాం అనడానికి ఆయనకు వ్యవధి లేదు.

కొట్టినందుకు నేను బాధపడటం లేదు. చెప్పనందుకు బాధపడుతున్నాను. మందు కొట్టలేదన్న కాగితం మీద నా ఎదురుగా సంతకం చేశాడు. ఎందుకని అడిగితే, "చెబితే గింజ కూడా తీసుకోరుగా" అన్నాడు. ఒప్పందంలో అలాగే ఉంది. మందు కొడితే ఆ పంట మొత్తం వద్దు అన్న షరతు రాసింది నేనే. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు.

ముప్ఫై ఏళ్లుగా బియ్యం వ్యాపారం చేస్తున్న ఒక పెద్దమనిషి, చట్టం ఒప్పుకున్నదానికి చాటింపు ఎందుకన్నారు. ఇంకొకరు, సంచి మీద మాట మార్చి "పరిమితికి లోబడిన బియ్యం" అని వేయమన్నారు. రెండూ చేయను. ఆ మాట అచ్చు వేయించింది నేను, నిలబెట్టుకోవలసిందీ నేనే. ఎక్కువగా నలిగిపోయింది మాత్రం ఆ రైతును వదులుకోవాలా అన్న ప్రశ్న దగ్గర. రెండు వారాలు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. చివరికి వదులుకోలేదు. ఈ కారణంగా మా దగ్గర మానేస్తామని ఇద్దరు ఇప్పటికే చెప్పారు. వారిని తప్పు పట్టను, నా నిర్ణయమూ మార్చుకోను.

మార్చింది ఆ షరతును. ఇకపై తెగులు ముంచుకొస్తే రైతు మందు కొట్టవచ్చు, కానీ కొట్టిన రోజే నాకు చెప్పాలి. ఆ ధాన్యాన్ని మార్కెట్ ధరకు నేనే కొని, వేరే సంచిలో, మందు పేరు, కొట్టిన తేదీ రాసి మామూలు బియ్యంగా అమ్ముతాను. మిగతా ధాన్యం ప్రతి నంబరూ పరీక్షకు వెళ్లాకే మర పడుతుంది. దానికి పది రోజులు పట్టవచ్చు, కొత్త పంట ఆలస్యంగా అందుతుంది.

మా గోదాములో మిగిలిన 41 సంచుల అమ్మకం ఆపేశాను. మీ ఇంట్లో ఏడో నంబరు సంచి ఉంటే, విప్పినదైనా సగం వాడినదైనా, చీటీ ఫొటో పంపండి. మొత్తం డబ్బు వాపసు చేస్తాను, లేదా మూడో నంబరు బియ్యం పంపుతాను. నివేదిక నకలు అడిగినవారికల్లా ఇస్తాను. ఫిబ్రవరిలో అడిగిన అమ్మగారికి నిన్ననే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి, క్షమాపణ చెప్పి వచ్చాను.