బాకీ తీర్చిన లెక్క

సంపాదకుడు గారికి,

ప్రపంచ వాణిజ్య సంస్థ పేరెత్తితే మన ఫిషింగ్ హార్బర్‌లో గుర్తొచ్చేది చేపల వేట సబ్సిడీల ఒప్పందం. 2022 జూన్‌లో అది కుదిరినప్పుడు డైరెక్టర్ జనరల్ ఎన్‌గోజీ ఒకోంజో ఇవేలా. ఆమె గురించిన కథనాలు తరచూ ‘తొలి మహిళ, తొలి ఆఫ్రికన్’ దగ్గరే ఆగిపోతాయి. చదవాల్సింది నైజీరియా ఆర్థిక మంత్రిగా ఆమె చేసిన పని.

2005లో పారిస్ క్లబ్ (అప్పులిచ్చిన సంపన్న దేశాల బృందం) దేశాలకు నైజీరియా బాకీ సుమారు 3,000 కోట్ల డాలర్లు. బతిమాలితే మాఫీ అయింది కాదు. ముందు పేరుకుపోయిన బకాయిలు కట్టారు, కొంత రద్దయింది. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) సమీక్ష గట్టెక్కాక ఇంకొంత రద్దు. మిగిలిన బాకీని తగ్గింపు ధరకు తీర్చేశారు. మొత్తమ్మీద దాదాపు 1,200 కోట్లు కట్టి, 1,800 కోట్లు వదిలించుకున్నారు.

డబ్బు చమురుది. 2004 బడ్జెట్‌ను బ్యారెల్‌కు 25 డాలర్ల చొప్పున లెక్కగట్టి, పైన వచ్చింది వేరే ఖాతాలో దాచారు. లోపమూ అక్కడే ఉంది: ఆ ఖాతాకు గట్టి చట్టం దన్ను లేదు. ‘మా వాటా మాకివ్వండి’ అని రాష్ట్రాల గవర్నర్లు (మన ముఖ్యమంత్రుల్లాంటివారు) పట్టుబట్టారు. 2014లో ధర కుప్పకూలేసరికి, ఆమె మళ్లీ మంత్రిగా ఉన్నా, అందులో పెద్దగా మిగల్లేదు.

మాకు నచ్చింది మాత్రం ఖర్చులేని పని. ఏ రాష్ట్రానికి, ఏ స్థానిక ప్రభుత్వానికి ఎంత పంపారో నెలనెలా పత్రికల్లో అచ్చు వేయించారు. విశాఖలో ఏ వార్డుకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అన్నది మీ జిల్లా ఎడిషన్‌లో నెలకో అరపేజీ వేయగలరా?

— కొందరు అర్థశాస్త్ర అధ్యాపకులు, విశాఖపట్నం