టవరు కరెంటు లెక్కపై ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మీ నెట్‌వర్కు విద్యుత్ వినియోగాన్ని జీబీల లెక్కన తప్పుగా చూపడం గురించి.

అయ్యా,

కోనసీమలో మా కొబ్బరితోట గట్టున మీ సెల్ టవరు ఉంది. స్థలం నాది, నెలనెలా మీకు ఫోను బిల్లు కట్టేవాణ్ణీ నేనే. విద్యుత్ శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, గత నెల బిల్లుతో మీరు పంపిన హరిత సందేశం చదివి ఊరుకోలేక ఈ లేఖ రాస్తున్నాను.

నేను 40 జీబీ వాడాననీ, అందుకు మీ నెట్‌వర్కుకు అయినది 2.4 యూనిట్లేననీ అందులో ఉంది. అంటే జీబీకి 0.06 యూనిట్లు. ఈ సంఖ్య ఎక్కడిదని అడిగితే మీ కాల్ సెంటరువారు అంతర్జాతీయ పరిశోధన అన్నారు. 2015 సంవత్సరానికి పరిశోధకులు వేసిన ఒక అంచనా సరిగ్గా ఇదే. కాని అది తీగల మీద నడిచే ఇంటర్నెట్‌కు వేసినది, సెల్ టవర్లు అందులో లేనే లేవు. పైగా ఆ విలువ సుమారు రెండేళ్లకోసారి సగమవుతూ వస్తోందని వారే రాశారు. ఏనాటిదో, దేనిదో అయిన సంఖ్యను తెచ్చి మా ఊరి టవరుకు తగిలించారు.

టవరు మీటరు మా ప్రహరీకే ఉంది. గత నెల 2,100 యూనిట్లు తిరిగింది. మీ లెక్కే నిజమైతే ఆ నెలలో ఈ ఒక్క టవరు మీదుగా 35,000 జీబీ పోయి ఉండాలి; పోయిందో లేదో తెలిసినది మీకే. ఒకరోజు కూర్చుని రీడింగులు రాసుకున్నాను. ఊరంతా ఫోన్లు పట్టుకునే సాయంత్రం ఆరు నుంచి పది వరకు 13 యూనిట్లు. ఊరు నిద్రపోయిన రాత్రి పదకొండు నుంచి ఐదు వరకు 16 యూనిట్లు. గంటకు చూస్తే 3.25 కాస్తా 2.67కు దిగిందంతే. ఎవరు వాడినా వాడకపోయినా పరికరాలు వెలుగుతూనే ఉండాలి కాబట్టి, ఈ ఖర్చును జీబీలతో హెచ్చవేసి రాబట్టడం కుదరదు. రేపు ఊరివాళ్లు రెట్టింపు వీడియోలు చూస్తే జీబీకి యూనిట్లు దాదాపు సగమవుతాయి, మీటరు మాత్రం ఇంకాస్త ఎక్కువే తిరుగుతుంది. దాన్ని పొదుపు అని మీరు మళ్లీ సందేశం పంపుతారు.

ఇక జనరేటరు. తుపాను రోజుల్లో లైన్లు తెగితే అది రాత్రింబవళ్లు నడుస్తుంది (ఆ చప్పుడు గురించి వేరే ఉత్తరం రాస్తాను). లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అది మీటరులోకి ఎక్కదు, మీ సందేశంలోకీ ఎక్కలేదు.

అంచనా వేయడమే తప్పని నేను అనడం లేదు. మీటర్లు లేని వ్యవసాయ పంపుసెట్ల వాడకాన్ని మేమూ అంచనాతోనే తేల్చాం. అయితే ఎంపిక చేసిన ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు బిగించి, అక్కడి రీడింగుల నుంచి తేల్చాం. మీకైతే ప్రతి టవరుకూ కరెంటు బిల్లు వస్తుంది, పోసిన ప్రతి లీటరు డీజిలుకూ పద్దు ఉంటుంది. టెలికాం సంస్థలు తమ కర్బన ఉద్గారాల లెక్క ఏడాదికి రెండుసార్లు తెలపాలని 2012 జనవరిలోనే టెలికాం శాఖ ఆదేశించింది కూడా.

కనుక ఆ సందేశాన్ని వెనక్కు తీసుకుని, ఈ టవరుకు గత పన్నెండు నెలల యూనిట్లు, డీజిల్ లీటర్లు, మోసిన జీబీలు నెలవారీగా, విడివిడిగా, ముప్ఫై రోజుల్లో నాకు రాతపూర్వకంగా పంపగలరు. నా రీడింగుల కాగితం నకలు జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు, స్థల యజమాని